మీర్ ఉస్మాన్ అలీ ఖాన్

మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ (ఏప్రిల్ 1886 - ఫిబ్రవరి 24, 1967) హైదరాబాదు సంస్థానాన్ని పాలించిన అసఫ్ జాహీ వంశపు ఏడవ, చివరి నిజాము. 1911 నుండి 1948 వరకు సంస్థానాధిపతిగా, 1950 నుండి 1956 వరకు హైదరాబాదు రాష్ట్రానికి రాజప్రముఖుగా ఉన్నాడు. అపారమైన సంపదకు, అంతకు మించిన పొదుపరితనానికి ఇతను లోకప్రసిద్ధుడు. అయితే అతని పాలన గురించి తెలుసుకోదలచినవారు ఆ కథలకన్నా అతను జారీ చేసిన ఫర్మానాలను చూడడం మేలు. శాసనసభ చర్చ, ప్రజల ఆమోదం అవసరం లేకుండా ప్రభువు సంతకంతో వెలువడే ఆజ్ఞయే ఫర్మానా. ఉస్మానియా విశ్వవిద్యాలయం అటువంటి ఒక ఫర్మానాతో పుట్టింది. ముల్కీ నిబంధనలు మరొక ఫర్మానాతో పుట్టి, అతను మరణించిన తరువాత కూడా ఆంధ్ర ప్రదేశ్ రాజకీయాలను కుదిపివేసాయి.

బాల్యం, సింహాసనం

ఉస్మాన్ అలీ ఖాన్ హైదరాబాదులోని పురానీ హవేలీలో జన్మించాడు. తండ్రి ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీ ఖాన్. ఇంటివద్దనే ఉర్దూ, పారశీకం, అరబ్బీ, ఆంగ్ల భాషలను అభ్యసించాడు. ఆంగ్లవిద్య నేర్పిన ఉపాధ్యాయులలో బ్రయన్ ఎగర్టన్ ఒకడు. 1906లో దుల్హన్ పాషా బేగంతో వివాహం జరిగింది. వీరి కుమారులు ఆజం జా, మొఅజ్జం జా. 1911 ఆగష్టు 29న తండ్రి మరణించగా పాతికేళ్ళ వయసులో నిజాము అయ్యాడు. తండ్రివలె చౌమహల్లా, పురానీ హవేలీలలో కాక కింగ్ కోఠీలో నివాసముండి, మరణించేవరకు అక్కడే గడిపాడు.

అధికారానికి వచ్చేనాటికి 1908 మూసీ వరదల గాయం నగరానికి ఇంకా మానలేదు. 1912లో నగరాభివృద్ధి మండలి ఏర్పడింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్య చేసిన సూచనల ఫలితంగా మూసీపై ఉస్మాన్ సాగర్ (1920), దాని ఉపనది ఈసీపై హిమాయత్ సాగర్ (1927) నిర్మాణాలు పూర్తి అయ్యాయి. మూసీ ఒడ్డున హైకోర్టు, ఉస్మానియా ఆసుపత్రి వెలిసాయి. మంజీరా నదిపై నిజాం సాగర్ నిర్మాణాన్ని ఇంజనీరు అలీ నవాజ్ జంగ్ పర్యవేక్షణలో 1923లో ప్రారంభించి 1931లో ముగించారు.

స్వయం పాలన (1914-1919)

మొదట కొద్దికాలం మూడవ సాలార్ జంగ్ దివానుగా (ప్రధానమంత్రిగా) పనిచేసాడు. 1914 చివర అతను తప్పుకున్న తరువాత నిజాము మరొక దివానును నియమించలేదు. సుమారు ఐదేళ్ళపాటు పాలనను తానే నడిపాడు. ప్రతి శాఖ దస్త్రమూ కింగ్ కోఠీకి చేరేది, అక్కడినుండి ఆజ్ఞ వెలువడేది. 1893 నుండి శాసనమండలి ఒకటి ఉన్నప్పటికీ అందులో నామినేట్ అయినవారిదే ఆధిక్యం. ప్రభువును అడ్డగించే అధికారం దానికి లేదు. హైదరాబాదు చరిత్రను చాలాకాలం శాసించిన రెండు ఫర్మానాలు, విశ్వవిద్యాలయ ఫర్మానా, ముల్కీ ఫర్మానా, ఈ ఐదేళ్ళలో వెలువడినవే కావడం గమనార్హం.

1919 నవంబరులో సర్ అలీ ఇమాం అధ్యక్షతన కార్యనిర్వాహక మండలి ఏర్పడింది. తరువాతి కాలంలో మహారాజా కిషన్ పెర్షాద్, సర్ అక్బర్ హైదరీ, ఛత్తారీ నవాబు, సర్ మీర్జా ఇస్మాయిల్, లాయక్ అలీ దీనికి అధ్యక్షులైనారు. మండలి ఏర్పడినా తుది మాట నిజాముదే. 1921లో న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖనుండి వేరుచేస్తూ ఇచ్చిన ఆజ్ఞ అతని మంచి నిర్ణయాలలో ఒకటి. బ్రిటిషు ఇండియాలో కాంగ్రెసు ఏళ్ళ తరబడి కోరుతున్న సంస్కరణ అది. అయితే అదే దశాబ్దంలో బహిరంగ సభలకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసిన గస్తీ నిషాన్ 53 కూడా అమలులోకి వచ్చింది. తెలంగాణాలో గ్రంథాలయ వార్షికోత్సవం జరుపుకోవాలన్నా అధికారి అనుమతి కోసం ఎదురుచూడవలసి వచ్చేది.

నిజాము అధికారానికి పైన ఒక హద్దు ఉండేది. మొదటి ప్రపంచయుద్ధంలో చేసిన సాయానికి బ్రిటిషు ప్రభుత్వం ఇతనికి మిగిలిన సంస్థానాధీశులెవ్వరికీ లేని బిరుదును 1918లో ఇచ్చింది. కానీ బీరారు ప్రాంతాన్ని తిరిగి ఇమ్మని కోరుతూ తాను బ్రిటిషువారితో సమానుడనన్న ధోరణిలో వాదించినప్పుడు, వైస్రాయి లార్డ్ రీడింగ్ 1926 మార్చిలో రాసిన లేఖలో ఆ వాదాన్ని నిర్ద్వంద్వంగా తోసిపుచ్చాడు. ప్రజలకు నిరంకుశ ప్రభువైన వ్యక్తి రెసిడెన్సీ ముందు సామంతుడే.

ఉస్మానియా విశ్వవిద్యాలయం

సంస్థానంలో ఉన్నత విద్య అంతవరకు నిజాం కళాశాలకు పరిమితం. అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం, బోధన ఆంగ్లంలో. దేశభాషలో బోధించే విశ్వవిద్యాలయం కావాలని 1917 ఏప్రిల్‌లో అప్పటి హోం శాఖ కార్యదర్శి అక్బర్ హైదరీ ఒక వినతిపత్రాన్ని సమర్పించాడు. ఏప్రిల్ 26న నిజాము దానిని ఆమోదిస్తూ ఫర్మానా జారీ చేసాడు. వినతికి, ఆమోదానికి మధ్య గడిచినవి కొద్ది రోజులే. సంస్థాపక శాసనం 1918 సెప్టెంబరులో వెలువడింది. 1919 ఆగష్టు 28న గన్‌ఫౌండ్రీ వద్ద అద్దె భవనంలో తరగతులు మొదలయ్యాయి. మొదటి సంవత్సరం విద్యార్థులు 225 మంది, అధ్యాపకులు 25 మంది.

బోధనాభాష ఉర్దూ. ఆంగ్లం నిర్బంధ పాఠ్యాంశం. భౌతిక, రసాయన శాస్త్రాలు, న్యాయం, వైద్యం, ఇంజనీరింగు వంటి విషయాలకు ఉర్దూలో పుస్తకాలే లేకపోవడంతో 1917లోనే దారుల్ తర్జుమా అనే అనువాద సంస్థను నెలకొల్పారు. మౌల్వీ అబ్దుల్ హఖ్ దీనికి సారథ్యం వహించాడు. కవి జోష్ మలీహాబాదీ ఇక్కడ కొంతకాలం పనిచేసాడు. వందలాది గ్రంథాలు అనువాదమయ్యాయి, వేలాది పారిభాషిక పదాలు తయారయ్యాయి. ఒక భారతీయ భాష ద్వారా ఉన్నత విద్య అంతటినీ బోధించవచ్చునని పెద్దయెత్తున ఋజువు చేసిన తొలి విశ్వవిద్యాలయం ఇదే. మాతృభాషలో ఉన్నత విద్య గురించి నేడు జరిగే చర్చలలో ఈ అనువాద సంస్థ అనుభవానికి దక్కవలసినంత చోటు దక్కడం లేదు.

ఆ భాష ఎవరిది అన్నదే చిక్కు. సంస్థానంలో దాదాపు సగం మంది తెలుగువారు, తరువాతి స్థానాలు మరాఠీ, కన్నడ మాట్లాడేవారివి. ఉర్దూ మాతృభాషగా కలవారు ఎనిమిదవ వంతుకు మించరు. అక్షరాస్యత పది శాతం కూడా లేని రాజ్యంలో ప్రాథమిక పాఠశాల నుండి విశ్వవిద్యాలయం వరకు ఉర్దూ మెట్లమీదుగానే ఎక్కవలసి రావడం తెలుగు పిల్లలకు పెద్ద భారమయ్యింది. దేశభాష అన్న మాట ఫర్మానాలో చేరింది గానీ దేశంలో అధిక సంఖ్యాకుల భాష అందులో చేరలేదు. విశ్వవిద్యాలయంలో తెలుగు ఒక శాఖగా మాత్రం ఉండేది. రాయప్రోలు సుబ్బారావు, ఖండవల్లి లక్ష్మీరంజనం వంటివారు అందులో బోధించారు. హైదరాబాదు వివేకవర్ధని ప్రాంగణంలో ఒక సభలో తెలుగులో మాట్లాడబోయిన వక్తను గేలిచేసిన సంఘటన తరువాత 1921లో ఆంధ్ర జన సంఘం ఏర్పడింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన నిజాం రాష్ట్ర ఆంధ్ర మహాసభ తొలి సమావేశం జరిగింది. మాతృభాషలో ప్రాథమిక విద్య ఆ సభల ముఖ్యమైన కోరికలలో ఒకటి.

తార్నాక వైపు ప్రాంగణం

శాశ్వత ప్రాంగణం కోసం నగరానికి తూర్పున అడిక్‌మెట్ వద్ద రాళ్ళు, గుట్టలతో నిండిన విశాలమైన స్థలాన్ని ఎంపిక చేసారు. ఇది పూర్వం కవయిత్రి మహలఖా బాయి చందా జాగీరులోని భూమి. స్కాటిష్ నగర ప్రణాళికావేత్త పాట్రిక్ గెడ్డెస్ స్థల నిర్ణయంలో సలహా ఇచ్చాడు. 1930-31లో జైన్ యార్ జంగ్, సయ్యద్ అలీ రజా అనే ఇద్దరు వాస్తుశిల్పులను యూరపు, అమెరికా, ఈజిప్టు, టర్కీ దేశాల విశ్వవిద్యాలయాలను చూసి రమ్మని పంపారు. కైరోలో పనిచేసిన బెల్జియం వాస్తుశిల్పి ఎర్నెస్ట్ జాస్పర్ నమూనాలు తయారుచేసాడు. 1934 జూలై 5న శంకుస్థాపన జరిగింది. ఆర్ట్స్ కళాశాల భవనాన్ని 1939 డిసెంబరు 4న నిజాము స్వయంగా ప్రారంభించాడు. గులాబీ రంగు గ్రానైటుతో కట్టిన ఈ భవనంలో కింది స్తంభాలు ఎల్లోరా, అజంతాలను, పై కమానులు ఇస్లామీయ నిర్మాణాలను తలపిస్తాయి.

ప్రాంగణపు తూర్పు అంచునున్న తార్నాకకు ఆ పేరు తీగ కంచెతో కూడిన నాకా, అంటే కాపలా చౌకీ, వల్ల వచ్చిందని స్థానికంగా చెబుతారు. సమీపంలోని రైల్వే స్టేషను పేరు జామై ఉస్మానియా. ఉర్దూలో విశ్వవిద్యాలయం అనే అర్థమున్న జామియా అన్న మాట ఇందులో మిగిలింది. తార్నాక శాస్త్ర పరిశోధనా కేంద్రంగా మారడానికి కూడా నిజాము కాలంలోనే బీజం పడింది. సంస్థాన ప్రభుత్వం 1944లో స్థాపించిన కేంద్ర పరిశోధనశాల స్వాతంత్ర్యానంతరం శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి చేతికి వచ్చి, చివరకు భారతీయ రసాయన సాంకేతిక సంస్థ అయ్యింది. జాతీయ పోషకాహార సంస్థ 1958లో కూనూరు నుండి ఇక్కడికి తరలివచ్చింది.

భవనం ప్రారంభానికి సరిగ్గా ఏడాది ముందు, 1938 చివరలో, విశ్వవిద్యాలయ వసతిగృహాలలో వందేమాతరం గీతాన్ని పాడరాదని అధికారులు నిషేధించారు. విద్యార్థులు సమ్మె చేసారు. ఉద్యమం అనుబంధ కళాశాలలకు పాకింది. వందలమందిని బహిష్కరించారు. వారిలో చాలామందికి నాగపూరు విశ్వవిద్యాలయం చోటిచ్చింది. అలా వరంగల్లు కళాశాలనుండి నాగపూరు వెళ్ళినవారిలో పి.వి.నరసింహారావు ఒకడు. ప్రభువు ఆజ్ఞతో పుట్టిన సంస్థ, తనను ప్రశ్నించే తరాన్ని కూడా తానే తయారుచేసుకుంది.

ముల్కీ ఫర్మానా

మొదటి సాలార్ జంగ్ కాలం నుండి ఉత్తర హిందూస్థానం నుండి ఉద్యోగులను రప్పించే అలవాటు ఉండేది. స్థానికులు (ముల్కీలు) తమ అవకాశాలు పోతున్నాయని చిరకాలంగా ఫిర్యాదు చేస్తూ వచ్చారు. 1919లో, హిజరీ 1337 రంజాన్ 25వ తేదీన, నిజాము జారీ చేసిన ఫర్మానా ప్రకారం ముల్కీ కానివారిని తన ప్రత్యేక అనుమతి లేకుండా చిన్న పెద్ద ఏ ఉద్యోగంలోనూ నియమించరాదు. పుట్టుకతో ముల్కీ కానివారు సంస్థానంలో 15 సంవత్సరాలు స్థిరనివాసముండి, స్వస్థలానికి తిరిగి వెళ్ళే ఉద్దేశం వదులుకున్నామని ప్రమాణపత్రం ఇస్తే ముల్కీలు కావచ్చు. నిజాము తన ప్రత్యేకానుమతి అనే తలుపును మాత్రం తెరిచే ఉంచుకున్నాడు. కనుక పై పదవులకు బయటివారి రాక ఆగలేదు.

సంపద

1937 ఫిబ్రవరిలో అమెరికాకు చెందిన టైమ్ పత్రిక ఇతని చిత్రాన్ని ముఖపత్రంపై ప్రచురించి ప్రపంచంలో అత్యంత ధనవంతునిగా పేర్కొన్నది. గోలకొండ వజ్రాలు, సర్ఫేఖాస్ అనే సొంత భూముల ఆదాయం ఈ సంపదకు మూలాలు. సర్ఫేఖాస్ భూములలోను, జాగీర్లలోను రైతులు వెట్టిచాకిరీతో, అక్రమ వసూళ్ళతో నలిగిపోయిన సంగతిని ఈ వైభవంతో కలిపి చదువుకోవాలి. 1965 యుద్ధకాలంలో ఇతను దేశానికి ఐదు టన్నుల బంగారం దానం చేసాడన్న ప్రచారం ఉన్నది. అది సరికాదు. జాతీయ రక్షణ బంగారు పథకంలో ఆరున్నర శాతం వడ్డీకి 425 కిలోల బంగారాన్ని మదుపు చేసాడు.

సంస్థాన విలీనం

1947 జూన్‌లో బ్రిటిషువారి నిష్క్రమణ ఖాయమైన వెంటనే, భారతదేశంలోగాని పాకిస్తానులోగాని చేరబోనని నిజాము ఫర్మానా ద్వారా ప్రకటించాడు. కోటిన్నర దాటిన ప్రజల భవిష్యత్తును తేల్చే ఈ నిర్ణయంలో వారి అభిప్రాయానికి చోటు లేదు. 1947 నవంబరు 29న భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కుదిరింది. ఆ తరువాతి పది నెలలలో కాశిం రజ్వీ నాయకత్వాన రజాకార్ల దౌర్జన్యాలు పెచ్చుమీరాయి. తెలంగాణా పల్లెలలో రైతాంగ సాయుధ పోరాటం విస్తరించింది. నిజాము రజాకార్లను అదుపు చేయలేకపోయాడా, చేయదలచలేదా అన్న విషయమై చరిత్రకారులలో ఏకాభిప్రాయం లేదు. 1948 సెప్టెంబరు 13న ప్రారంభమైన సైనికచర్య ఐదు రోజులలో ముగిసింది. సెప్టెంబరు 17న నిజాము రేడియోలో కాల్పుల విరమణను ప్రకటించాడు. సైనికచర్య సందర్భంగా, ఆ తరువాత మరాఠ్వాడా, కర్ణాటక జిల్లాలలో ముస్లిములపై జరిగిన హింసను పరిశీలించడానికి కేంద్రం పండిత్ సుందర్‌లాల్ సంఘాన్ని పంపింది.

మేజర్ జనరల్ జె.ఎన్.చౌదరి సైనిక గవర్నరు అయ్యాడు. నిజాము పదవిలో కొనసాగాడు, ఆజ్ఞలు అతని పేరు మీదనే వెలువడ్డాయి. నిర్ణయాలు మాత్రం వేరేచోట జరిగేవి. 1949లో సర్ఫేఖాస్ ప్రభుత్వపరమయ్యింది, ఆగష్టులో జాగీర్దారీ రద్దయ్యింది. అదే ఏడాది నవంబరులో, భారత రాజ్యాంగమే హైదరాబాదు రాజ్యాంగమని అంగీకరిస్తూ ఫర్మానా జారీ చేసాడు. తన ఫర్మానాలకున్న శక్తిని ముగించిన ఫర్మానా అది.

రాజప్రముఖుగా

1950 జనవరి 26న ఉస్మాన్ అలీ ఖాన్ రాజప్రముఖు అయ్యాడు. రాజ్యాంగంలోని అప్పటి 371వ అధికరణం ప్రకారం ఇటువంటి రాష్ట్రాల ప్రభుత్వాలు పదేళ్ళపాటు రాష్ట్రపతి సాధారణ నియంత్రణలో ఉండేవి. అంతవరకు ఎవరి సలహానూ పాటించనవసరం లేని వ్యక్తి, 1952 మార్చి నుండి బూర్గుల రామకృష్ణారావు మంత్రివర్గం పంపిన కాగితాలపై సంతకం చేయసాగాడు. రాజభరణంగా ఏటా 50 లక్షల రూపాయలు లభించాయి. సైనికచర్య తరువాత ఉస్మానియాలో ఉర్దూ స్థానంలో ఆంగ్లం బోధనాభాష అయ్యింది. 1956 నవంబరు 1న ఆంధ్ర ప్రదేశ్ అవతరించగా రాజప్రముఖ పదవి రద్దయ్యింది.

మరణం, వారసత్వం

1967 ఫిబ్రవరి 24న కింగ్ కోఠీలో మరణించాడు. నివాసానికి ఎదురుగా ఉన్న జూదీ మసీదులో ఖననం చేసారు. అంత్యక్రియలకు జనం లక్షలలో వచ్చారు. మనుమడు ముకర్రం జాను రాష్ట్రపతి వారసునిగా గుర్తించాడు. అలాంటి గుర్తింపు ఎంత తేలికైనదో 1970 సెప్టెంబరు 6న తేలింది. ఆనాటి రాష్ట్రపతి వి.వి.గిరి పేరిట వెలువడిన ఒక్క ఉత్తర్వుతో దేశంలోని రాజులందరి గుర్తింపు రద్దయ్యింది. అదే సంవత్సరం డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ ఉత్తర్వును కొట్టివేసింది. 1971లో 26వ రాజ్యాంగ సవరణ ద్వారా రాజభరణాలు శాశ్వతంగా రద్దయ్యాయి. 1948 సెప్టెంబరులో లండను బ్యాంకులో పాకిస్తాను హైకమిషనరు ఖాతాకు బదిలీ అయిన సుమారు పది లక్షల పౌండ్ల హైదరాబాదు నిధిపై వివాదం 71 ఏళ్ళు సాగి, 2019 అక్టోబరులో భారతదేశానికి, నిజాము వారసులకు అనుకూలంగా ముగిసింది. అప్పటికి అది మూడున్నర కోట్ల పౌండ్లయ్యింది.

ముల్కీ నిబంధనల తరువాతి చరిత్ర

రాజ్యాంగపు 35వ అధికరణం, నివాసానికి సంబంధించిన పాత చట్టాలను పార్లమెంటు మార్చేవరకు కొనసాగనిచ్చింది. ఆ విధంగా 1919 ఫర్మానా గణతంత్రంలో కూడా బ్రతికింది. దీని అమలు సరిగా లేదని 1952లో హైదరాబాదులో విద్యార్థులు ఆందోళన చేయగా పోలీసు కాల్పులలో ప్రాణనష్టం జరిగింది. 1969లో ఉస్మానియా ప్రాంగణం తెలంగాణా ఉద్యమానికి కేంద్రమయ్యింది. 1972 అక్టోబరు 3న సుప్రీంకోర్టు ముల్కీ నిబంధనలు చెల్లుతాయని తీర్పునిచ్చింది. దానితో కోస్తా, రాయలసీమలలో జై ఆంధ్ర ఉద్యమం చెలరేగింది. ఒకనాటి వందేమాతరం విద్యార్థి పి.వి.నరసింహారావు అప్పుడు ముఖ్యమంత్రి. 1973 జనవరి 18న రాష్ట్రపతి పాలన విధించారు. అది డిసెంబరు 10 వరకు సాగింది.

ఆరు సూత్రాల పథకాన్ని అనుసరించి పార్లమెంటు ముల్కీ నిబంధనలను రద్దుచేసి, 32వ సవరణ ద్వారా 371-డి అధికరణాన్ని చేర్చింది. దాని కింద రాష్ట్రపతి 1974లో విద్యాసంస్థల ప్రవేశాలపై, 1975 అక్టోబరు 18న ప్రభుత్వోద్యోగాలపై ఉత్తర్వులు జారీ చేసారు. ప్రవేశాల ఉత్తర్వు రాష్ట్రాన్ని ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయాల పేర్లతో మూడు స్థానిక ప్రాంతాలుగా విభజించి, 85 శాతం సీట్లను స్థానికులకు కేటాయించింది. దీనితో నిజాము ఒక ఫర్మానాతో స్థాపించిన విద్యాలయం పేరే, మరొక ఫర్మానా లేవనెత్తిన స్థానికత అనే ప్రశ్నకు సరిహద్దు గీతగా మారింది. తెలంగాణ రాష్ట్రం ఏర్పడిన తరువాత 2018 ఆగష్టులో ఉద్యోగాల విషయమై తెలంగాణకు వేరుగా కొత్త రాష్ట్రపతి ఉత్తర్వు వెలువడింది. ఉస్మానియా విశ్వవిద్యాలయ శతాబ్ది ఉత్సవాలను రాష్ట్రపతి ప్రణబ్ ముఖర్జీ 2017 ఏప్రిల్ 26న ఆర్ట్స్ కళాశాల ఉన్న ప్రాంగణంలోనే ప్రారంభించారు.